పాత చీటీ కింద

జనవరి 5

బుడ్డీ,

చేరాను. బస్సు దిగేసరికి నా పెట్టె ఒక్కటే పైన మిగిలింది, దించడానికి కండక్టరు నన్నే ఎక్కమన్నాడు. ఇరవై ఏళ్లుగా వీధి వీధీ తిరిగి నీళ్ల మీటర్లు చూసే మనిషిని కదా, ఎక్కడం దిగడం నాకో లెక్కా అని ఎక్కాను. దిగేటప్పుడు మోకాలు పట్టేసింది. నవ్వకు.

ఇక్కడ ఫోను పలకాలంటే లైట్‌హౌస్ సగం మెట్లెక్కాలి. పైగా ఫోనులో మనిద్దరం మూడో మాటకే పోట్లాడుకుంటాం. ఉత్తరమైతే తిట్టుకోవడానికి కనీసం వారం పడుతుంది. అందుకని ఉత్తరాలే. వారానికి రెండుసార్లు టపా వస్తుందట.

గది చిన్నది. ఇంటావిడ పడవలకి తెరచాపలు కుట్టేది, ఇప్పుడు గొడుగులు బాగుచేస్తుంది. పురుగుల కోసం వచ్చానని చెబితే, గదిలో ఉన్నవి చాలవా అని అడిగింది. మనిషి నచ్చింది నాకు.

పని మొదలుపెట్టాను. నాన్న చేసినట్టే, డబ్బాలు అంచుదాకా ఇసుకలో పాతిపెట్టాను. పురుగు నడుచుకుంటూ వచ్చి అందులో పడుతుంది, పొద్దున్నే వెళ్లి చూడటమే. అల చివరికొచ్చి ఆగే చోట ఎండిన నాచు గుట్టలుగా ఉంటుంది. దాన్నీ, కొట్టుకొచ్చిన చెక్కల్నీ ఎత్తి చూస్తున్నాను. నాన్న పురుగు దాక్కునేది వాటికిందే. దాని రెక్కల పెంకులు అతుక్కుపోయి ఉంటాయి, ఎగరలేదు, పుట్టిన ఇసుక వదిలి పోలేదు. ఇక్కడ దొరికిందని ఆయన రాశాడంటే ఇక్కడే ఉండాలి.

నాన్న పనిచేసిన మ్యూజియంలో పురుగుల జాబితా రాసే ఆవిడ మంచిదే, కానీ పట్టు వదలదు. కొత్త జాబితా అచ్చుకి వెళ్లేది ఫిబ్రవరి ఆఖరున. ఈలోగా ఒక్క పురుగైనా చూపించకపోతే నాన్న రాసిన వరుస కొట్టేస్తుందట. కొట్టేస్తే, ఆయన అబద్ధమాడాడని అచ్చులో ఒప్పుకున్నట్టే. ఆయన పోయి ఏడాది కూడా కాలేదు. నేను ఉండగా అది జరగనివ్వను.

నీ మంచం కింద నాన్న ట్రంకుపెట్టె ఉంది కదా. అందులో నల్ల అట్ట నోటుబుక్కు ఉంటుంది. ఏ రోజు ఎక్కడ ఏది పట్టాడో అందులోనే రాసుకునేవాడు. వెంటనే పంపు. అది లేకపోతే మైళ్ల కొద్దీ ఇసుకలో నేను చుక్కాని లేని పడవని.

మరిదిని అడిగానని చెప్పు.

నీ అక్క


జనవరి 12

అక్కకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మోకాలి దగ్గర నవ్వాను, నిజం ఒప్పుకుంటున్నాను.

ఇక్కడ అంతా మామూలే. ల్యాబులో పని ఎక్కువగా ఉంది. ఒకేసారి పదకొండు పళ్ల సెట్లు వచ్చిపడ్డాయి. కొత్త డాక్టరొకాయన పంపే అచ్చులు సరిగ్గా ఉండవు, దవడ ఎక్కడ మొదలైందో నేనే ఊహించుకోవాలి. మైనం కరిగించి, పళ్లు పేర్చి, మళ్లీ కరిగించి, సాయంత్రానికి వేళ్లకి గులాబీ రంగు పట్టేస్తోంది. వర్షం పడేలా ఉంది. ఎదురింటివాళ్లు గోడకి రంగు మార్చారు, అదేం రంగో వాళ్లకే తెలియదు. మీ మరిదికి జలుబు.

ఇంకేం రాయాలి? అవును, నోటుబుక్కు. ట్రంకుపెట్టె మంచం కింద లేదు, అటక మీద పెట్టించాం. తాళంచెవి ఎక్కడుందో చూడాలి. వెతుకుతాను.

అక్కా, ఒక మాట అంటాను, కోప్పడకు. ఇప్పుడెందుకు ఈ తవ్వకం? ముప్పై ఏళ్ల పైమాట అది. నాన్నే వదిలేశాడు కదా. ఆ తర్వాత ఒక్కరోజైనా మన ముందు ఆ పురుగు మాటెత్తాడా? జాబితాలో ఒక వరుస ఉంటే ఎంత, పోతే ఎంత. ఆ పుస్తకం చదివేది ప్రపంచంలో ఇరవైమంది. నువ్వు వచ్చెయ్. నీ మోకాలికి ఆ ఇసుక మంచిది కాదు. వస్తే ఇద్దరం నాలుగు రోజులు ఎటైనా వెళ్దాం, ఇసుక లేని చోటికి.

ఈ ఉత్తరం రాస్తూ మూడుసార్లు లేచాను. కుక్కర్ కోసం ఒకసారి. మిగతా రెండుసార్లు ఎందుకు లేచానో గుర్తులేదు.

నీ చెల్లి


జనవరి 17

బుడ్డీ,

వస్తే ఎటైనా వెళ్దామా? నేనిక్కడికి షికారుకి వచ్చాననుకున్నావా?

పన్నెండు రోజులు. నలభై డబ్బాలు. ఈగలు పడ్డాయి, సాలీళ్లు పడ్డాయి, పీతపిల్లలు పడి నా వేలు కొరికాయి. నాన్న పురుగు జాతివే, చీకటి పెంకుపురుగులు, రెండు రకాలు పడ్డాయి. మిరియపు గింజంత ఉంటాయి, నల్లగా, ముట్టుకుంటే చచ్చినట్టు పడుకుంటాయి. కానీ మనది కాదు. మనదానికి ముందుకాళ్లు వెడల్పుగా, ఇసుక తవ్వడానికి పారల్లా ఉంటాయి. జాబితా ఆవిడ ఇచ్చిన బొమ్మ పక్కన పెట్టుకుని ఒక్కొక్కదాన్నీ భూతద్దంలో చూశాను. వీటికన్నీ మామూలు కాళ్లే.

నాన్నే వదిలేశాడు అంటున్నావు. వదిలేశాడో, వదిలించారో నీకు తెలియదు, అప్పుడు నీకు తొమ్మిదేళ్లు. నాకు పదమూడు, నాకు తెలుసు. వాళ్ల పెద్దాఫీసరు ముగ్గురు మనుషుల్ని వెంటేసుకుని ఇదే తీరానికి వచ్చాడు. రెండు రోజులు వెతికి, ఉత్త చేతులతో పోయి, ఆఫీసులో అందరి ముందూ అన్నాడు: "పేరు కోసం ఎక్కడినుంచో తెచ్చిన పురుగుని ఇక్కడిదని రాశావు." ఆ మాట అమ్మకి చెబుతుంటే వంటగది తలుపు వెనక నుంచి విన్నాను. ఆ తర్వాత ఆయన్ని టపా విభాగంలో కూర్చోబెట్టారు. రిటైరయ్యేదాకా పద్దెనిమిదేళ్లు కవర్లకి జిగురు రాశాడు. పురుగుని చూస్తే కళ్లు వెలిగే మనిషి, ఇంట్లో బొద్దింక కనబడినా ముఖం తిప్పుకునేవాడు. అది వదిలెయ్యడమంటావా?

తాళంచెవి వెతకాలా? నువ్వు? పదహారేళ్లలో ఒక్క పన్ను కూడా పోగొట్టనిదానివి. ఒక్కో అచ్చుకి రెండేసి చీటీలు కట్టేదానివి. నాతో చెప్పడానికి మొహమాటమైతే నేనే అడుగుతాను. మరిది ఆ పెట్టెని పాత సామానులవాడికి వేసేశాడా? వేసేస్తే వేసేశాడని చెప్పు. తిట్టి ఊరుకుంటాను.

లేకపోతే నా మీద కోపమా? ఆఖరి రెండేళ్లూ నాన్నని నువ్వే చూసుకున్నావు. నేను సెలవు దొరకలేదంటూ పండ్లు పట్టుకుని ఆదివారాలు వచ్చి పోయాను. ఇప్పుడు ఆయన పేరు నిలబెడతానని బయల్దేరితే నీకు ఒళ్లు మండటంలో తప్పులేదు. కానీ ఆ కోపం నోటుబుక్కు మీద చూపించకు.

అక్క


జనవరి 23

అక్కకి,

నీ ఉత్తరం మీ మరిది చదివాడు. నేను దాచలేదు, బల్ల మీద ఉంటే చదివాడు. నిచ్చెన తెచ్చుకుని, జలుబుతోనే అటక ఎక్కి, ట్రంకుపెట్టె దించి హాలు మధ్యలో పెట్టి, చేతులు కడుక్కుని పనికి వెళ్లిపోయాడు. పాత సామానులవాడికి వేసే మనిషి కాదు అక్కా ఆయన. నాన్నకి ఆఖర్లో గడ్డం గీసింది కూడా ఆయనే. నీకు తెలుసు. తెలిసీ రాశావు.

నీ మీద కోపమా అన్నావు. ఆదివారాల గురించి నేనెప్పుడైనా ఎత్తానా? ఆదివారం పొద్దున్నే నాన్న చొక్కా మార్చుకుని కూర్చునేవాడు, నువ్వు వస్తావని. మిగతా ఆరు రోజులూ నాతో ఉన్నందుకు నాకెవరూ చొక్కా మార్చుకోలేదు. ఇదిగో, ఇప్పుడెత్తాను. అయిపోయింది. ఇంకెప్పుడూ ఎత్తను.

పెట్టె హాలులోనే ఉంది. మూడు రోజులైంది. దాన్ని చుట్టుకుని వంటగదిలోకి వెళ్లాలి, చుట్టుకుని రావాలి. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచానో తెలియదు. నిన్న రెండు పాలగిన్నెలు మాడ్చాను.

ఇంకా ఘోరం విను. ల్యాబులో రెండు పళ్ల సెట్లు తారుమారు చేశాను. ఒకరు రిటైరైన డ్రిల్లు మాస్టారు, ఇంకొకరు సంగీతం చెప్పే పెద్దావిడ. ఆయనకి ఆవిడవి, ఆవిడకి ఆయనవి. డ్రిల్లు మాస్టారు రెండు రోజులు అవే పెట్టుకుని తిరిగాడట, కొత్తవి కదా, అలవాటు పడాలి కాబోలని. పదహారేళ్లలో మొదటిసారి. మా యజమాని రెండు డబ్బాలూ తెచ్చి బల్ల మీద పెట్టి, ఎవరి పని ఇది అన్నాడు. ఐదుగురం ఉన్నాం. "నాదే" అన్నాను. అంతే. ఆయన తిట్టాడు, నేను తలొంచుకున్నాను, అందరం టీ తాగాం. రెండు నిమిషాలు కూడా పట్టలేదు అక్కా. రెండు నిమిషాలు.

అప్పటినుంచీ అదే తలుచుకుంటున్నాను.

నోటుబుక్కు రేపు పంపిస్తాను. తాళంచెవి నా దగ్గరే ఉంది. మొదట్నుంచీ నా దగ్గరే ఉంది.

చెల్లి


జనవరి 30

బుడ్డీ,

మరిదికి నా తరఫున క్షమాపణ చెప్పు. ఆయనకి విడిగా రాద్దామని కూర్చుని రెండు కాగితాలు చింపేశాను. ఇంటావిడ చేత ఒక గొడుగు బాగుచేయించి ఆయనకి పంపుతాను. చొక్కా సంగతి నాకు తెలియదు. తెలిసుంటే ఏం చేసేదాన్నో కూడా తెలియదు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తాళంచెవి దగ్గర పెట్టుకుని లేదన్నావు. పెట్టె చుట్టూ తిరుగుతున్నావు. పళ్లు తారుమారు చేశావు. నువ్వేదో నమలలేక మింగలేక ఉన్నావని చదువురానివాడికైనా అర్థమవుతుంది. అదేమిటా అని నాలుగు రోజులుగా ఈ ఇసుకలో ఆలోచిస్తూనే ఉన్నాను, నాకు ఒక్కటే తోస్తోంది.

నాన్న ఆఖర్లో నీతో ఏమైనా చెప్పాడా?

నేనడిగేది నీకు తెలుసు. ఆ పురుగు ఇక్కడిది కాదని చెప్పాడా? ఆఫీసరు అన్నదే నిజమా? నోటుబుక్కు తెరిస్తే నాకు తెలిసిపోతుందని దాస్తున్నావా?

ఇరవై అయిదు రోజులు. తీరం ఈ కొస నుంచి ఆ కొస దాకా మూడుసార్లు గాలించాను. ఇంటావిడ కూడా వచ్చి రెండు రోజులు చెక్కలెత్తింది. లేదు. ఎగరలేని పురుగు ఎక్కడికి పోతుంది? మొదటి వారం నా కళ్లని అనుమానించాను. రెండో వారం డబ్బాల్ని అనుమానించాను. ఇప్పుడు నాన్నని అనుమానిస్తున్నాను, ఆ మాట రాస్తుంటే నాకే అసహ్యంగా ఉంది. కవర్లకి జిగురు రాస్తూ పద్దెనిమిదేళ్లు కిమ్మనకుండా ఎందుకు కూర్చున్నాడు? తప్పు లేనివాడైతే ఒక్కసారైనా తిరగబడడా?

నిజమైతే నిజమని రాయి. డబ్బాలు ఎత్తేసి ఇంటికొస్తాను. ఆ వరుస కొట్టెయ్యమని జాబితా ఆవిడకి నేనే చెబుతాను.

అక్క


ఫిబ్రవరి 3

అక్కా,

నాన్న అబద్ధం ఆడలేదు. ఆ డబ్బాలు ఎత్తకు. ముందు ఇది చదువు.

నాన్న ఆ పురుగుల్ని పట్టిన రోజు వానలో తడిసి జ్వరంతో ఇంటికొచ్చాడు. ఆ రోజు ఒకచోటికి కాదు, రెండు చోట్లకి వెళ్లొచ్చాడు. పొద్దున ఉప్పుమడుల తీరం, మధ్యాహ్నం లైట్‌హౌస్ తీరం. రెండు సీసాలు. జ్వరంతోనే కూర్చుని వాటిని సూదులకి గుచ్చి బెండు పలక మీద ఆరబెట్టాడు. ఎడమన ఐదు, కుడిన ఐదు. ఒక్కో వరుస పైన చీటీ, ఏ తీరమో రాసి. పురుగులు ఆరాక చోటు రాసిన చీటీ ఒక్కో సూదికీ ఒకటి గుచ్చుతారు కదా, అప్పటిదాకా వరుసకొకటి చొప్పున పలక మీద పైన ఉంటుంది. నీకివన్నీ తెలుసు.

మర్నాడు నువ్వు బడికెళ్లావు, అమ్మ పనికెళ్లింది. నాకు చెవినొప్పి, ఇంట్లోనే ఉన్నాను. నాన్న జ్వరంతో పడుకున్నాడు. కిటికీ దగ్గర పలక పక్కనే భూతద్దం ఉంది. నాకది కావాలి. చెయ్యి చాపాను. పలక బోర్లా పడింది.

పది పురుగులూ నేల మీద. సూదులు ఊడాయి, రెండు చీటీలూ మంచం కిందికి ఎగిరాయి. అన్నీ నల్లగా, అన్నీ ఒకేలా ఉన్నాయి. భూతద్దం పెట్టి చూశాను. కొన్నింటి పొట్టకి తెల్లగా పిండి అంటినట్టు ఉంది. అదేమిటో తెలుసుకుందామని వేలితో తుడిచి నాలిక మీద కూడా పెట్టుకున్నాను. ఆ తర్వాత ఎటువి ఎటు పెట్టానో నాకు తెలియదు. ఏదో తోచినట్టు గుచ్చాను. తెల్లవి ఒక పక్క, తక్కినవి ఒక పక్క. పైన చీటీలు పెట్టాను.

నాన్న మధ్యాహ్నం లేచాడు. పలక దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను పుస్తకం చదువుతున్నట్టు నటిస్తున్నాను. "చెవినొప్పి తగ్గిందా?" అన్నాడు. తగ్గిందన్నాను. అంతే.

ఐదు నెలల తర్వాత ఆఫీసులో ఆయనకి జరిగింది. నువ్వు వంటగది తలుపు వెనక విన్నావు. నేను నీ వెనక ఉన్నాను అక్కా. నువ్వు చూడలేదు. ఆ రోజు నుంచీ నాకు తెలుసు, నేను తప్పుగా పెట్టిన చీటీ పట్టుకునే ఆఫీసరు లైట్‌హౌస్‌కి వెళ్లాడని. చెబుదామని పది రోజులు ఆయన చుట్టూ తిరిగాను. రోజు గడిచేకొద్దీ ఇంకా కష్టమైంది. తర్వాత పెద్దదాన్నయ్యాను, ఇక అసలు నోరు రాలేదు. ఆఖరి రెండేళ్లూ ఆయన నా ఇంట్లోనే ఉన్నాడు, రోజూ మాత్రలు చేతికిచ్చాను, రోజూ అనుకున్నాను. నన్నెప్పుడూ ఒక్క మాట అనని మనిషికి ఆ మాట చెప్పలేకపోయాను. ఆయన పోయాడు.

నోటుబుక్కు రిజిస్టర్డ్ పార్సిల్‌లో వస్తుంది. నేను తెరవలేదు. ముప్పై రెండేళ్లుగా తెరవలేదు. అందులో నా గురించి ఏముందో నాకు చదివే ధైర్యం లేదు. నువ్వు చదువు.

నాకు ఏం రాసినా సరే. ఏదో ఒకటి రాయి.

బుడ్డి


ఫిబ్రవరి 13

అక్కా,

పార్సిల్ అందిందని రసీదు వచ్చింది, సంతకం నీదే. ఉత్తరం రాలేదు. రెండు టపాలు పోయాయి. టపా మనిషి మా వీధి మలుపు తిరిగేసరికి నేను గేటు దగ్గరుంటున్నాను, ఆయన దూరం నుంచే చెయ్యి ఊపి లేదంటున్నాడు.

తిట్టు. ఊరుకోకు.

బుడ్డి


ఫిబ్రవరి 16

బుడ్డీ,

ఊరుకోవడం కాదు. రెండు రోజులు నీ మీద ఒళ్లు తెలియని కోపం, అది నిజం. నీ ఉత్తరం చింపబోయి ఆగాను. మూడో రోజు నోటుబుక్కు వచ్చింది. అది చదివాక కోపం ఎవరి మీద పడాలో తెలియక పెట్టె సర్దుకుని బస్సెక్కాను. ఇప్పుడు ఉప్పుమడుల తీరంలో ఉన్నాను. ఇక్కడ తపాలా డబ్బా వెతకడానికే ఒక రోజు పట్టింది.

ముందు నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు రాస్తాను. నువ్వు పలక పడేసిన రోజు:

"చిన్నది పలక పడేసినట్టుంది. సూదులన్నీ వాలిపోయి ఉన్నాయి. బాగా భయపడింది. వరుసలు తారుమారు చేసింది. వెడల్పు కాళ్లవి ఉప్పుమడుల చీటీ కింద ఉన్నాయి. అవి లైట్‌హౌస్‌వి. మార్చి పెట్టాను. దాన్ని ఏమీ అడగలేదు."

మళ్లీ చదువు. నువ్వు పెట్టింది ఉప్పుమడుల కింద. మార్చింది నాన్న.

ఇక్కడ ఇప్పుడు ఉప్పుమడులు లేవు. వాటిని పూడ్చి లారీలు ఆపుకుంటున్నారు. లారీలకీ సముద్రానికీ మధ్య ఒక వీధి వెడల్పు ఇసుక మిగిలింది, అంతే. డ్రైవర్లు నన్ను పిచ్చిదనుకున్నారు, తర్వాత ఒకాయన టైరు కింద పెట్టే చెక్క ఇచ్చి కూర్చోమన్నాడు. డబ్బాలు పాతే పని కూడా పడలేదు. రెండో రోజు పొద్దున, ఎప్పటిదో పాత తలుపు ఒకటి ఇసుకలో సగం కూరుకుపోయి ఉంటే ఎత్తాను. కింద పదకొండు ఉన్నాయి. ముందుకాళ్లు పారల్లా. వెలుతురు తగలగానే ఇసుకలోకి తవ్వుకుంటూ పోతున్నాయి. ఏడింటిని వదిలేసి నాలుగింటిని పట్టాను. మోకాళ్ల మీద కూర్చుని ఏడ్చాను, ఆ డ్రైవరు దూరంగా వెళ్లి నిలబడ్డాడు.

ఒకదాన్ని తిరగేసి చూశాను. పొట్టకి తెల్లగా పిండిలా అంటుకుని ఉంది. ఈ మట్టిలో ఇంకా ఆ పాత ఉప్పు ఉంది. నేనూ నీలాగే వేలితో తుడిచి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు, బుడ్డీ. తోచినట్టు పెట్టానంటావేమిటి? నువ్వు రుచి చూసి, తెలుసుకుని, సరిగ్గా పెట్టావు. పదింటినీ. తొమ్మిదేళ్ల పిల్లవి, చెవినొప్పితో. నాన్నే జ్వరంలో తన జ్ఞాపకాన్ని నమ్ముకున్నాడు.

ఇంకొకటి ఉంది. రాయాలా వద్దా అని ఆలోచించాను. మన ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఉంచినవి ఇక చాలు. ఆఫీసులో మాట పడ్డ రోజున:

"అందరి ముందూ దొంగనయ్యాను. ఆ రోజు ఏది ఎక్కడుందో చిన్నదాన్ని అడిగితే తేలిపోతుంది. కానీ ఎందుకడుగుతున్నానో దానికి తెలిసిపోతుంది. అడగను."

ఆ తర్వాత అన్నీ తెల్ల కాగితాలే.

తనే ఉప్పుమడులకి ఒకసారి వెళ్లి చూడొచ్చు కదా. పొరపాటు నాదే అని చెప్పుకోవచ్చు కదా. ఎందుకు వెళ్లలేదో నాకు తెలియదు. మాట పడ్డ మనిషికి ఇక ఆ ఇసుకలో కాలు పెట్టబుద్ధి కాలేదేమో. నాకు ఆయన మీద కోపంగా ఉంది, జాలిగా ఉంది, ఇంతకంటే బాగా చెప్పలేను. నిన్ను కాపాడుదామని ఆయన నోరు మూసుకున్నాడు. ఆయనకి భయపడి నువ్వు నోరు మూసుకున్నావు. నేనొకదాన్ని, ఇద్దరికీ మధ్య పండ్లు పట్టుకుని ఆదివారాలు వచ్చి వెళ్లాను.

జాబితా ఆవిడతో ఫోనులో మాట్లాడాను. వరుస ఉంటుంది. తీరం పేరు మారుతుంది, నాన్న పేరు అలాగే ఉంటుంది. ఆయన గుచ్చిన ఐదూ మ్యూజియం సొరుగులో భద్రంగా ఉన్నాయట. వాళ్ల పద్ధతి విను. తప్పు అని తేలినా పాత చీటీని సూది నుంచి తీసెయ్యరు. దాని కిందే కొత్త చీటీ గుచ్చుతారు, సరైనది రాసి, ఎవరు సరిచేశారో రాసి. చూసేవాళ్లకి రెండూ కనబడాలట.

ఐదు కొత్త చీటీలు కావాలి. గోరంత కాగితం మీద రాయాలి. పళ్ల అచ్చులకి పదహారేళ్లుగా చీటీలు రాసే చెయ్యి మన ఇంట్లో ఒక్కటే ఉంది. నువ్వు రాయి. ఏం రాయాలో కూడా నువ్వే తేల్చు. పలక సంగతి వద్దనుకుంటే వద్దు, నేను పట్టుబట్టను. ఇరవై ఎనిమిది లోపు నాకు చేరాలి.

నువ్వు సరిగ్గా పెట్టావే బుడ్డీ.

అక్క


ఫిబ్రవరి 20

అక్కా,

మీ మరిది చదివి వినిపించాడు. నేను సగంలో కళ్లజోడు తీసేశాను.

ఉప్పే. నువ్వు రాశాక గుర్తొచ్చింది. ఉప్పగా ఉందని, అందుకే ఉప్పుమడుల చీటీ కింద పెట్టానని, పెట్టాక నా తెలివికి నేనే ఒక్క క్షణం మురిసిపోయానని. ఆ తర్వాత నాన్న పలక వైపు చూసిన చూపు, వంటగది తలుపు, ఆయన కవర్ల జిగురు, వీటి కింద ఆ క్షణం పడిపోయింది. తప్పు నాదే అని ఎంత గట్టిగా నమ్మానంటే, ఆ రుచిని కూడా మరిచిపోయాను. అడిగి ఉంటే చెప్పేదాన్నా? ఏమో. ఏడ్చి చెప్పేదాన్నేమో. ఇన్నేళ్లూ నేను భయపడ్డది నాన్నకి కాదు, ఆయన మంచితనానికి. ఆయన ఒక్కసారి కోప్పడి ఉంటే ఎంత బాగుండేది అక్కా.

నిన్న ల్యాబులో అందరూ వెళ్లాక కూర్చున్నాను. మూడు పాడుచేశాను. ఇవిగో ఐదు, బాగా వచ్చినవి. దాచుకునేదేమీ పెట్టుకోలేదు. ఐదింటి మీదా ఒకటే రాశాను:

"పైచీటీ జ్వరంలో మారింది. సరైన చోటు ఉప్పుమడుల తీరం. సరిచేసినది: ఆయన కూతుళ్లు."

కూతుళ్లు అని రాశాను. నా ఒక్కదాని పేరు పెట్టమంటావేమో, నేను పెట్టను. రుచి చూసింది నేనైతే తలుపెత్తింది నువ్వు. పలక ఎవరు పడేశారో జాబితా ఆవిడ అడిగితే చెప్పు. నువ్వు చెప్పకపోయినా నేను చెబుతాను, రెండు నిమిషాలు పట్టదు.

కవరులో ఆరో చీటీ కూడా ఉంది. అది మ్యూజియానికి కాదు. నోటుబుక్కులో "దాన్ని ఏమీ అడగలేదు" అన్నాడు కదా, సరిగ్గా ఆ వాక్యం కింద అంటించు. ఆయన రాసింది చెరపకు, రెండూ కనబడాలి. అందులో ఇంతే రాశాను:

"తెల్ల పొట్టలవి ఉప్పుమడులవి నాన్నా. నేను రుచి చూశాను."

త్వరగా రా. హాలులోంచి పెట్టె తీయించాను. ఆదివారం రా, మీ మరిదిని మంచి చొక్కా వేసుకుని కూర్చోమంటాను.

నీ బుడ్డి